కాకి ముద్ద తిన్న పందెం పావురం

ఆ రోజుల్లో అమెరికాలో కందిపప్పు దొరకడమే గగనమనుకునేవాళ్ళం. కాకి దొరకడం అంతకంటే కష్టమని నాకు ఒక జూన్ నెల ఆదివారం మిట్టమధ్యాహ్నం, తడి పంచె కట్టుకుని మా ఇంటి ఓనరు గరాజు ముందు నిలబడ్డప్పుడు తెలిసింది. (కందిపప్పుకైతే మూడు గంటలు డ్రైవ్ చేసి షికాగో వెళ్తే పని జరిగేది. కాకి కోసం ఎటు డ్రైవ్ చేయాలో ఎవర్నడగను?) ఇప్పుడు నేనుండే అల్ఫారెట్టాలో కందిపప్పు గుమ్మంలోకి వచ్చి పడుతోంది, పంతులుగారు ఫోన్‌లో కనబడి మంత్రం చెప్పి ఆశీర్వదించి వెళ్తున్నారు. అయినా మా నాన్న తద్దినం వచ్చిందంటే చాలు, నాకు మంత్రాలకంటే ముందు పావురాలు గుర్తొస్తాయి. వాటి వెనకాలే ఒక బెల్జియం తాత వస్తాడు. ఆయనకి నేను చేసిన నిర్వాకం, దానికి ఆయన నాకు తిరిగిచ్చింది రెండూ చెప్పుకోకపోతే నాకు తోచదు.

ఎనభైల మొదట్లో సంగతి. నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. ఇల్లినాయ్‌లో మిసిసిపీ ఒడ్డున మోలీన్ అనే ఊళ్ళో, ట్రాక్టర్లకు గేర్లు చేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు ఉద్యోగం. నాతోపాటే చేరినవాడు ఒక వరంగల్ కుర్రాడు. వాణ్ణి నేను ఓరుగల్లు అనేవాణ్ణి, వాడు నన్ను ఖరగ్‌పూర్ అనేవాడు. మాది పేరుకే శ్రీకాకుళం జిల్లా గాని నేను పుట్టింది పెరిగింది ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్సులో. ఇద్దరం కలిసి అద్దెకు గది వెతకడం మొదలుపెట్టాం. పేపర్లో ప్రకటన చూసి ఫోన్ చేస్తే ఖాళీగా ఉందనేవారు. మేం గుమ్మం ఎక్కేసరికి అది నిండిపోయేది. ఒక్క శనివారం నాలుగు గదులు అలా నిండిపోయాయి. (మా పాదాల మహిమ అలాంటిది. అడుగుపెట్టిన చోటల్లా ఇల్లు నిండుగా ఉండేది.)

ఐదో ఇంటి మెట్లమీద డెబ్భై అయిదు దాటిన ఒక పెద్దాయన చంకలో పావురాన్ని పెట్టుకుని కూర్చున్నాడు. ఉద్యోగం ఎక్కడని అడగలేదు, దేశం ఏదని అడగలేదు. నావంక చూసి, "అబ్బాయ్, మీ తాత ఏం చేసేవాడు?" అన్నాడు. (ఆయన మాట్లాడింది ఇంగ్లీషే. కానీ ఇన్నేళ్ళుగా నా బుర్రలో నాని నాని ఆయన మాటలన్నీ నాకు తెలుగులోనే వినిపిస్తాయి. తప్పుంటే ఆయన ఏమీ అనుకోడు.) నేను బిత్తరపోయి, "మగ్గం నేసేవాడండీ. మగ్గం కూడు పెట్టడం మానేశాక రైల్వే వర్క్‌షాపులో కూలికి ఖరగ్‌పూర్ పోయాడు" అన్నాను. ఆయన పావురాన్ని రెండో చంకలోకి మార్చుకుని, జేబులోంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. "మా తాత కూడా అంతే. పైన ఎడంపక్క గది. కిటికీ బిగుసుకుపోయింది, గట్టిగా లాగకండి" అన్నాడు. అంతే మా ఇంటర్వ్యూ. ఆ రోజు ఆ తాళంచెవి నా అరచేతిలో పడ్డ బరువు నాకిప్పటికీ తెలుసు.

అప్పట్నుంచి ఆయన మాకు తాత. ఆ మాటకు అర్థం చెబితే మురిసిపోయి, తన పావురాల క్లబ్బులో అందరికీ చెప్పుకుని వచ్చాడు. మంచుమీద కారు నడపడం నేర్పించింది ఆయనే, మా ఇద్దరికీ తన పాత ఓవర్‌కోట్లు ఇచ్చింది ఆయనే. సాయంత్రాలు గరాజు మీదున్న పావురాల గూడు శుభ్రం చేస్తూ, మేం వేసిన పకోడీలు నములుతూ, వాళ్ళ తాత కథ చెప్పేవాడు. ఫ్లాండర్స్ అని బెల్జియంలో ఉత్తరాన ఒక సీమ. పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడ పల్లెల్లో ఇంటింటా మగ్గంమీద నార బట్ట నేసేవారట. మిల్లులొచ్చి మగ్గాలను పడగొట్టాయి. దాని వెనకే బంగాళాదుంపకు తెగులొచ్చింది. ఇక చేసేదేముంది, వాళ్ళ తాత పదహారేళ్ళ వయసులో ఒక గుడ్డల మూట, ఒక బుట్టలో పావురం పట్టుకుని దక్షిణాన బొగ్గుగనుల సీమకి రెండున్నర రోజులు నడిచి వెళ్ళాడు. దేశం ఒకటే, రాజు ఒకడే, భాష మాత్రం వేరు. అక్కడి వాళ్ళంతా ఫ్రెంచి మాట్లాడతారు. వీళ్ళ ఫ్లెమిష్ మాట వింటే నవ్వుతారు, గది అడిగితే లేదంటారు. చివరికి దొరికిన సత్రంలో ఇద్దరేసి పనివాళ్ళకు కలిపి ఒకే మంచం. పగటి పనివాడు లేచిన పక్కమీద రాత్రి పనివాడు పడుకోవాలి. "మా తాత పదేళ్ళపాటు చల్లటి పక్క ఎలా ఉంటుందో ఎరగడు" అనేవాడు ఈయన. నేను కూడా తగ్గకుండా, ఖరగ్‌పూర్‌లో మా తాత మొదటి ఏడాది ఒకే గదిలో పదకొండు మందితో ఉన్నాడని చెప్పేవాణ్ణి. ఓరుగల్లు మాత్రం, "నాకు గసొంటి తాతల్లేరు భై, మా తాతకు పదెకరాల పొలముండె" అని సిగ్గుపడేవాడు.

మరి బుట్టలో పావురం ఎందుకంటారా? బొగ్గుబావి దగ్గరికి చేరాక వాళ్ళ తాత దాన్ని వదిలేసేవాడు. అది తిన్నగా ఇంటికి ఎగిరిపోయేది. దాన్ని చూస్తే తల్లికి తెలిసేది, కొడుకు క్షేమంగా ఉన్నాడని. ఉత్తరం రాయడం కొడుక్కి రాదు, చదవడం తల్లికి రాదు. మళ్ళీ ఊరివాళ్ళెవరైనా గనులకు పోతుంటే ఆ పావురాన్నే బుట్టలో పెట్టి పంపేది. ఒకసారి గనిలో మంటలు లేచాయనీ, చాలామంది పోయారనీ ఊరికి కబురొచ్చింది. ఆ తల్లి, అంటే మన తాతకి ముత్తవ్వ, మూడు రోజులు ఇంటి కప్పువంక చూస్తూ కూర్చుంది. మూడోనాడు పావురం వచ్చి వాలింది. ఈ కథ చెప్పినప్పుడల్లా తాత అక్కడ ఆగిపోయి కాసేపు గూడు ఊడ్చేవాడు. తర్వాత ఆ బొగ్గుసీమలోనే పెళ్ళయి, కొడుకు పుట్టి, ఆ కొడుకు ఇంకా దూరం పోయి మోలీన్‌లో ఇనప ఫ్యాక్టరీలో చేరాడు. పావురాలు కూడా వాళ్ళతోపాటే ఓడెక్కాయి. ఇక్కడికొచ్చాక మాత్రం కబుర్లు మోసే పని పోయి, పందేలు మొదలయ్యాయి.

పందెమంటే మన కోడిపందెంలా రక్తపాతం కాదు. శనివారం క్లబ్బువాళ్ళందరి పావురాలనూ ట్రక్కులో ఎక్కించి నాలుగు వందల మైళ్ళ అవతలికి తీసుకుపోతారు. ఆదివారం తెల్లవారగానే అన్నిటినీ ఒక్కసారి వదులుతారు. దేని ఇంటికి అది ఎగిరిపోతుంది. అయితే ఇంటి కప్పుమీద వాలినంత మాత్రాన వచ్చినట్టు కాదు. అది తీగల తలుపు తోసుకుని గూట్లోకి రావాలి, దాని కాలికున్న రబ్బరు ఉంగరం ఊడదీయాలి, దాన్ని ఒక గడియారం పెట్టెలో వేసి తాళం తిప్పాలి. పెట్టె అచ్చుకొట్టిన టైమే టైము. జూన్ నెల పందెంలో గెలిచినవాళ్ళకిచ్చే వెండికప్పు పదకొండేళ్ళుగా తాత బావమరిది ఇంట్లోనే ఉంటోంది. ఆయన మూడు వీధుల అవతల ఉండేవాడు. ఆయనకున్న మీసాన్ని బట్టి మేం మీసాలాయన అనేవాళ్ళం. గెలిచిన ప్రతిసారీ వచ్చి మా మెట్లమీద కూర్చుని, ఒక్క మాటైనా మాట్లాడకుండా అరగంట మీసం దువ్వుకుని వెళ్ళిపోయేవాడు. ఆ అరగంట తాతకి ఏడాదంతా అరిగేది కాదు.

ఆ ఏడు మే నెలలో తాత గూటి నిచ్చెనమీంచి జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రికి ఆయన కూతురు వచ్చి, ఇక ఈ ఇల్లు అమ్మేస్తాననీ, ఎండాకాలం అయ్యాక నాన్నని తనతో తీసుకుపోతాననీ, అపార్ట్‌మెంట్‌లో పావురాలు కుదరవనీ చెప్పేసింది. అంటే జూన్ పందెమే ఆఖరిది. తాత నన్ను మంచం దగ్గరికి పిలిచి నా మణికట్టు పట్టుకున్నాడు. "దొరసాని మీదే నా ఆశంతా, అబ్బాయ్" అన్నాడు. (దొరసాని అంటే నీలి రంగు ఆడపావురం. ఆ పేరు మేం పెట్టిందే. నడక అలా ఉండేది మరి.) "ఉంగరం తీసేది నువ్వే. ఒక్కటి గుర్తుపెట్టుకో. ఆ రోజు కప్పుమీద, పెరట్లో ఎక్కడా ఒక్క గింజ కూడా ఉండకూడదు. ఆకలితో ఉన్న పక్షే తిన్నగా గూట్లోకొస్తుంది. వాడి మీసం ఒక్కసారి వాలడం చూసి పోతాను." ఫ్యాక్టరీ నుంచి రోజూ ఆసుపత్రికి వెళ్ళేవాణ్ణి, రోజూ ఇదే పాఠం అప్పజెప్పించుకునేవాడు. గది ఇచ్చిన మనిషికి ఈ మాత్రం చేయలేనా అని నేను ఒట్టు వేసినంత పని చేశాను.

అంతా బాగానే ఉంది గాని, పందేనికి నాలుగు రోజుల ముందు మా అమ్మ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. నాన్న తిథి లెక్కకడితే సరిగ్గా ఆ ఆదివారమే పడింది. నేను ఒక్కణ్ణే కొడుకుని. కిందటేడు కొత్త ఉద్యోగం గాభరాలో పడి తద్దినం మానేశాను, అది లోపల ములుకులా గుచ్చుతూనే ఉంది. దగ్గర్లో గుడి లేదు, పంతులు లేడు. నాకు తెలిసిన పెద్దదిక్కల్లా షికాగో దగ్గర అరోరాలో నర్సుగా పనిచేసే తెనాలి అక్కయ్య. వాళ్ళింటి హాల్లో ప్రతి ఆదివారం తెలుగు ప్రార్థన జరిగేది, తర్వాత పులిహోర పెట్టేది, ఆ పులిహోర కోసం మేం రెండున్నర గంటలు డ్రైవ్ చేసి వెళ్ళేవాళ్ళం. ఆవిడకే ఫోన్ చేశాను.

"మా ఇళ్ళల్లో తద్దినాలుండవు కదరా నాన్నా, నన్నడుగుతావేంటి?" అంది. తర్వాత మనసు ఆగలేదు కాబోలు, "అయినా మా పక్కింటి పిన్నిగారు పెట్టేవారులే, గోడమీంచి చూసేదాన్ని. తలస్నానం చేసి తడిబట్టతో వండుకో. ఉల్లిపాయ తగలనీకు. అన్నం, పప్పు, గారె కలిపి ముద్దచేసి ఎత్తున పెట్టి కాకిని పిలవాలి. కాకి ముట్టందే మీరు ముట్టకూడదు. ఇంకోటి, అది తింటుంటే తోలకూడదు. తోలితే పెద్దవాళ్ళు ఆకలితో వెళ్ళిపోతారంట" అని గడగడా చెప్పేసింది.

"మరి కాకి రాకపోతేనో అక్కయ్యా?"

"ఎందుకు రాదు? నేను ప్రార్థన చేస్తాగా!" అంది.

ఆదివారం పొద్దున్నే లేచి నేను చేసిన మొదటి పని, తాత మాట ప్రకారం పెరడంతా చీపురుతో ఊడవడం. నిచ్చెన వేసుకుని గరాజు చూరు కూడా ఊడ్చాను. ఒక గోధుమ గింజ రేకుల సందులో ఇరుక్కుంటే అగ్గిపుల్లతో లాగి తీశాను. అంతటి శ్రద్ధాపరుణ్ణి. తర్వాత తలస్నానం చేసి గారెలకు దిగాను. మినప్పప్పు రుబ్బబోతే బ్లెండర్ పొగలు కక్కి ఊరుకుంది, మిగిలింది ఓరుగల్లు బీరుసీసాతో నూరాడు. (సీసాని మూడుసార్లు కడిగాం. నాన్న క్షమిస్తాడనే అనుకున్నాం.) చిల్లులు లేని గారెలు తయారయ్యాయి. మధ్యాహ్నం ఒంటిగంటకి అన్నీ కలిపి కొబ్బరికాయంత ముద్ద చేశాను. కింద పెడదామంటే పక్కింటి పిల్లి. ఎత్తున పెట్టమంది కదా అక్కయ్య! అదే నిచ్చెన ఎక్కి, పొద్దున్న అగ్గిపుల్లతో గింజ తీసిన అదే గరాజు చూరుమీద, పావురాల గూటికి సరిగ్గా ఎదురుగా, ఆ ముద్దని భక్తిగా పెట్టి దణ్ణం పెట్టుకుని దిగాను. మీకిప్పటికే అర్థమైపోయింది కదా? నాకు కాలేదు. ఇంజనీరింగ్‌లో ఫస్ట్ క్లాసు వచ్చినవాణ్ణి. నా బుర్రలో గింజ వేరు, పిండం వేరు. గింజ పావురాలది, పిండం కాకులది. ఒకరి తిండి జోలికి ఇంకొకరు రారని నా గట్టి నమ్మకం.

కాకి రాలేదు. ఇద్దరం గరాజు ముందు నిలబడి ఆకాశంలోకి చూస్తూ "కావ్ కావ్" అని పిలవసాగాం. పక్కింటావిడ కంచె మీంచి చూసి, మా తడి పంచెలు చూసి, లోపలికెళ్ళి కిటికీలు మూసుకుంది. వంటింట్లో ఫోన్ పది నిమిషాలకోసారి మోగుతోంది. ఆసుపత్రినుంచి తాత, "వచ్చిందా?" అని. ఇంకా లేదని చెప్పి మళ్ళీ పరిగెత్తుకొచ్చి కాకి కోసం నిలబడేవాణ్ణి.

"అరే భై, కాకి లేదు గీకి లేదు. గారెలు సల్లారిపోతున్నయ్. జెర ఒక్కటి తిననియ్యరాదు?" అన్నాడు ఓరుగల్లు దీనంగా.

రెండూ ఏడు నిమిషాలకి నైరుతి దిక్కున చుక్కలా కనబడింది. రెక్కలు ముడిచి బాణంలా దిగింది. దొరసాని! నాలుగు వందల మైళ్ళు ఎగిరొచ్చి, ఇంకే పావురమూ ఆకాశంలో లేకుండా, ఒక్కతే దిగింది. నేను ఎగిరి గంతేశాను. దొరసాని చూరుమీద వాలింది. గూటి తలుపు వైపు రెండడుగులు వేసింది. ఆగింది. మెడ పక్కకి వంచి ముద్దని చూసింది. మళ్ళీ గూడు చూసింది. ముద్ద దగ్గరికి నడిచి, హాయిగా భోజనానికి కూర్చుంది.

గింజల డబ్బా గలగలలాడించాను, ఈల వేశాను. అది నావంక చూస్తే ఒట్టు. ముందు నేతి అన్నం ఉండగా డబ్బాలో ఎండు జొన్నలకి ఎవరొస్తారు? ఓరుగల్లు పొడుగాటి చీపురు తెచ్చాడు. "జరుగు భై, ముద్దను కింద పడగొడ్త!"

నేను వాడి చీపురు పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానో నాకే తెలియదు. నోట్లోంచి మాత్రం ఒక్కటే మాట వచ్చింది. "ఆగరా, మా నాన్న తింటున్నాడు!"

"అరే, గది ఆడపావురం రా!"

"ఆత్మకి ఆడా మగా ఏమిట్రా?" అన్నాను. తర్వాత నాకే ఏడుపొచ్చింది. మా నాన్న వర్క్‌షాపులో డ్యూటీ దిగి వచ్చి, ఇలాగే మెడ కాస్త పక్కకి వంచి, ఎవరితోనూ మాట్లాడకుండా, నెమ్మదిగా తినేవాడు. తింటున్న మనిషిని లేపకూడదు అనేవాడు. ఒకసారి ఆఫీసరు బంగళానుంచి ప్యూను వచ్చి అర్జెంటుగా రమ్మంటే, మా అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి "తింటున్నాడు, ఆగాల" అంది. అలాంటి నాన్నకి రెండేళ్ళ తర్వాత నేను పెట్టిన ముద్ద. అటువైపు తాత కప్పు, ఆఖరి కప్పు. ఇటు చూస్తే నాన్న, అటు చూస్తే తాత, మధ్యలో నేను తడి పంచెతో, చేతిలో చీపురుతో. లోపల ఫోన్ మోగింది. ఓరుగల్లు పరిగెత్తి ఎత్తాడు. వాడు అన్న మాట నాకు పెరట్లోకి వినిపించింది. "నో సార్. నాట్ యెట్ సార్." కళ్ళెదురుగా పక్షి తింటూ ఉంది, వాడు ఇంకా రాలేదంటున్నాడు.

పదకొండు నిమిషాలు తింది. గారె ముక్క కూడా వదల్లేదు. తర్వాత ముక్కు రేకుకి తుడుచుకుని, ఈకలు సర్దుకుని, దొరసానిలాగే నడుచుకుంటూ గూట్లోకి వెళ్ళింది. ఉంగరం ఊడదీసి పెట్టెలో వేసి తాళం తిప్పాను. రెండూ పద్దెనిమిది. సాయంత్రం క్లబ్బులో పెట్టెలు విప్పితే మీసాలాయన పక్షిది రెండూ పదమూడు. ఐదు నిమిషాల తేడాతో ఓడిపోయాం.

"పక్షి లేటుగ వచ్చిందని చెప్పుదాం భై. ముసలాయన పాణం నొచ్చదు" అన్నాడు ఓరుగల్లు కారులో. నాకూ అదే బాగుందనిపించింది. ఆసుపత్రి దాకా అలాగే చెప్పాలని వల్లె వేసుకుంటూ వెళ్ళాను. ఒక డబ్బాలో గారెలు కూడా పట్టుకెళ్ళాను, తప్పుకు జరిమానాలాగా. తీరా గదిలోకి వెళ్తే మంచం పక్కన కుర్చీలో మీసాలాయన! అప్పటికే దువ్వడం మొదలుపెట్టాడు. తాత గోడవైపు చూస్తున్నాడు. నన్ను చూడగానే, "దొరసానికి దెబ్బేమైనా తగిలిందా? డేగ ఏదైనా తరిమిందా? అంత ఆలస్యం ఎప్పుడూ చేయదే" అన్నాడు. కప్పు సంగతి అడగలేదు. పక్షి ఎలా ఉందని అడిగాడు. ఇక నా వల్ల కాలేదు. తద్దినం, అక్కయ్య, బీరుసీసా, కాకి, ముద్ద, చీపురు, మా నాన్న మెడ వంపు, ఫోన్‌లో అబద్ధం, అన్నీ ఊపిరి తిప్పుకోకుండా కక్కేశాను. మీరు గది ఇచ్చారు, నేను మీ కప్పు పోగొట్టాను, నన్ను ఏమన్నా పడతానన్నాను.

మీసాలాయన చెయ్యి మీసం మీదే ఆగిపోయింది. తాత నావైపు తిరిగి, "పదకొండు నిమిషాలు తిందా?" అన్నాడు. తల ఊపాను. "అయితే రెండూ ఏడుకే ఇంటికొచ్చింది" అని బావమరిది వైపు తిరిగాడు. "విన్నావా? నీ పక్షికంటే ఆరు నిమిషాల ముందు."

"గూట్లోకి రాలేదుగా. రూలు రూలే" అన్నాడు మీసాలాయన, కొంచెం మెత్తగా.

తాత అది పట్టించుకోలేదు. "నీకు నేను ఆ కథ పూర్తిగా చెప్పలేదు, అబ్బాయ్" అన్నాడు నాతో. "గనిలో మంటలు లేచినప్పుడు, మూడోనాడు పావురం వచ్చిందని చెప్పానే. మా ముత్తవ్వ ఆ మూడు రోజులూ పాలలో నానబెట్టిన రొట్టె కప్పుమీద పెట్టి ఉంచింది. వాలగానే పావురం దాన్ని తినడం మొదలెట్టింది. ఊరంతా కప్పు కింద మూగారట. తమవాళ్ళ కబురేమైనా కాలికి కట్టి ఉందేమో, పట్టుకోండి, పట్టుకోండి అని గోల. ముత్తవ్వ చేతికర్ర పట్టుకుని నిచ్చెనకి అడ్డంగా నిలబడింది. ఎవర్నీ ఎక్కనివ్వలేదు. 'వాడు తింటున్నాడు, ఆగండి' అందట. పావురాన్ని అందా మాట. వాడు అని. కొడుకు అన్నట్టు." ఆయన దుప్పటి అంచు సర్దుకున్నాడు. "ఆకలితో ఉన్న పక్షే లోపలికొస్తుందన్నది తర్వాత మేం పందేల కోసం నేర్చుకున్న బుద్ధి. అసలు మా ఇంట్లో పావురానికి చేసిన మొదటి మర్యాద, కప్పుమీద తిండి పెట్టడమే. నాకు అది గుర్తులేకుండా పోయింది చూడు."

నేను ఏడ్చాను. సిగ్గు లేకుండా ఏడ్చాను. తాత నా మణికట్టు పట్టుకుని, "మీ నాన్నకి వంట నచ్చిందా?" అన్నాడు. ఒక్క మెతుకు మిగల్చలేదన్నాను. "అయితే మాక్కూడా పెట్టు" అని డబ్బా లాక్కున్నాడు. మీసాలాయన కూడా ఒకటి తీసుకుని కొరికి, "ఇది తిని పక్షి నడవగలిగిందంటే గొప్ప పక్షే" అన్నాడు. మర్నాడు పొద్దున ఆసుపత్రి కిటికీలో కప్పు మెరుస్తూ కనబడింది. మా ఇంట్లో అల్మారాలో చోటు లేక ఇక్కడ పెట్టానని గొణిగాడట మీసాలాయన నర్సుతో. తాత ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ అది ఆ కిటికీలోనే ఉంది. (మీసం వాలిందా లేదా అని నేనడిగితే, కొద్దిగా, ఎడంవైపు, అన్నాడు తాత.) ఇదంతా ఫోన్‌లో చెబితే అరోరా అక్కయ్య, "చూశావా, నా ప్రార్థన ఊరికే పోదు. కాకులు లేని ఊళ్ళో దేవుడు పావురాన్ని పంపాడు" అంది. ఆవిడతో నేను వాదించలేదు, ఇప్పటికీ వాదించను.

సెప్టెంబరులో తాతని కూతురు తీసుకుపోయింది. వెళ్ళేముందు పావురాలన్నిటినీ మీసాలాయనకే ఇచ్చాడు. మిగతావి ఆయన దగ్గర కుదురుకున్నాయి గాని దొరసాని మాత్రం తలుపు తీస్తే చాలు మూడు వీధులు దాటి మా గరాజు మీదకే వచ్చి కూర్చునేది. మీసాలాయన ప్రతి ఆదివారం బుట్ట పట్టుకుని వచ్చి, "దీన్ని మీరు పాడుచేశారు" అని తిట్టి తీసుకుపోయేవాడు. ఇల్లు అమ్ముడుపోయేదాకా నేను దానికి నెయ్యి కలిపిన అన్నం పెట్టాను. రెండేళ్ళ తర్వాత తాత పోయాడని ఆయన కూతురు ఉత్తరం రాసింది. కవరులో ఒక రబ్బరు ఉంగరం ఉంది. ఇది మీకిమ్మన్నాడు, ఎందుకో నాకు చెప్పలేదు అని రాసింది.

ఇక్కడ అల్ఫారెట్టాలో కాకులకు లోటు లేదు. మొన్న తద్దినంనాడు డెక్ మీద ముద్ద పెట్టానో లేదో రెండు వచ్చి వాలాయి. నేను ఎప్పటిలాగే రెండో చివర ఒక పళ్ళెంలో పాలలో నానబెట్టిన రొట్టె కూడా పెట్టాను. ఇక్కడే పుట్టి పెరిగిన మా అమ్మాయి చూసి, "నాన్నా, తాతయ్య ఒక్కడే కదా? రెండో ప్లేట్ ఎవరికి?" అంది. ఇంకో తాతయ్యకి అన్నాను. ఆ రొట్టెని కాకులు ముట్టలేదు. ఎక్కడినుంచో ఉడత ఒకటి దిగొచ్చి, పళ్ళెం అంచుమీద కూర్చుని, రెండు చేతులా పట్టుకుని తినడం మొదలుపెట్టింది. "అయ్యో నాన్నా, స్క్విరెల్!" అని మా అమ్మాయి చప్పట్లు కొట్టబోయింది.

నేను అమ్మాయి చెయ్యి పట్టుకున్నాను. అద్దం తలుపులో తడి పంచె కట్టుకున్న ఒక బట్టతల మనిషి కనబడ్డాడు. మోలీన్‌లో చీపురు పట్టుకుని నిలబడ్డ ఆ కుర్రాడికీ ఈయనకీ పెద్ద తేడా ఏమీ లేదు, జుట్టు తప్ప.

"ఆగమ్మా, ఆయన తింటున్నాడు" అన్నాను.